బాడీ బామ్ కిట్: సరుకు మంచిదే, కాగితంలోని కొలతలు మాత్రం నల్గొండ ఎండకు పనికిరావు

"ఇంట్లోనే బాడీ బామ్ చేసుకోండి" అని ఆన్‌లైన్‌లో అమ్మే కిట్ గురించి ఇది. బాడీ బామ్ అంటే ఒంటికి, మడిమలకు రాసుకునే, నూనె, మైనంతో చేసిన గట్టి లేపనం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి కిట్లు ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు, ఇంకో రెండు కంపెనీల కాగితాలు కూడా చదివాను, అన్నింట్లోనూ దాదాపు ఇదే కొలత, ఇదే పద్ధతి. నేను ఉండేది నల్గొండలో. మహబూబ్‌నగర్‌లో ఉండే మా వదిన కూడా ఇదే కిట్ తెప్పించుకుంది, ఆమెకూ ఇవే తిప్పలు. కాబట్టి తేడా చేసేవాళ్ల చేతిలో లేదు, కిట్‌తో వచ్చిన సూచనల్లోనే ఉంది. సూర్యాపేట, వనపర్తి, గద్వాల ఎక్కడివాళ్లైనా సరే, కొనేముందు ఇది చదవండి, ఇప్పటికే కొని బామ్ పాడైందని బాధపడుతున్నవాళ్లైతే అస్సలు పారేయొద్దు, చాలావరకు బాగు చేసుకోవచ్చు.

డబ్బాలో వచ్చినవి: షియా బటర్ (ఆఫ్రికాలో పెరిగే షియా చెట్టు గింజల వెన్న), కోకో బటర్ (కోకో గింజల వెన్న), పలుకుల్లా ఉండే తేనెమైనం, బాదం నూనె, చిన్న సీసాలో విటమిన్ ఈ, లావెండర్ నూనె, నిమ్మ నూనె, మూతలున్న రేకు డబ్బాలు, ఒక కాగితం. సరుకు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. తేనెమైనం పసుపుపచ్చగా ఉంది, చేతిలో నలిపితే తేనె వాసన వస్తోంది. కోకో బటర్ చాక్లెట్ వాసనతో గట్టిగా, పుటుక్కున విరిగేలా ఉంది. షియాకి పొగ వాసన లాంటి ఒక వాసన ఉంటుంది, అది శుద్ధి చేయని షియాకి సహజం, పాడైందని అనుకోవద్దు. అయితే ఏప్రిల్‌లో ఆర్డర్ పెడితే కొరియర్ బండిలోనే షియా కరిగి, ప్యాకెట్ మూలలోంచి కారి, మళ్లీ పేరుకుని వచ్చింది. ఫోటో పంపితే షియా ప్యాకెట్ ఇంకొకటి పంపారు, అందుకు మెచ్చుకోవాలి. కానీ అదీ అలాగే కరిగి వచ్చింది. ఎండాకాలంలో వెన్నలు పంపుతున్నప్పుడు లోపల కనీసం గట్టి డబ్బా వాడాలి కదా, పల్చటి కవర్‌లో పెట్టి పంపితే ఎట్లా?

ఇక అసలు సంగతి. కాగితంలో చెప్పిన కొలత ప్రకారం వందకి పది గ్రాముల తేనెమైనం, పది కోకో బటర్, మిగిలిందంతా షియా, బాదం నూనె. కరిగించి, డబ్బాల్లో పోసి, "గది ఉష్ణోగ్రత వద్ద చల్లారనివ్వండి" అని రాశారు. ఈ ఒక్క వాక్యమే మొత్తం చెడగొడుతోంది. గది అంటే ఏ ఊరి గది? ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూడా 35 డిగ్రీల పైనే ఉంటుంది, బయట 44, 45 వరకు పోతుంది. షియా బటర్ కరిగేది ఇంచుమించు 32 నుంచి 37 డిగ్రీల మధ్య. కోకో బటర్ 34 నుంచి 38. అంటే మన గదిలో అది చల్లారడం కాదు, కరగాలా పేరుకోవాలా తేలకుండా గంటలకొద్దీ అదే హద్దు మీద ఉండిపోతుంది.

దాంతో ఏమవుతుందంటే బామ్ పూస కడుతుంది. నెయ్యి కాచి గిన్నెలో వదిలేస్తే నిదానంగా చల్లారి పూసపూసగా పేరుకుంటుంది చూడండి, అచ్చం అదే జరుగుతోంది ఇక్కడ కూడా. షియాలో ఒకే రకం కొవ్వు ఉండదు, త్వరగా గట్టిపడేవి కొన్ని, ఆలస్యంగా గట్టిపడేవి కొన్ని. నెమ్మదిగా చల్లారితే గట్టివి ముందు ఒకచోట చేరి గింజలు కట్టేస్తాయి, మెత్తవి వాటి చుట్టూ నూనెలా మిగిలిపోతాయి. నెయ్యిలో పూస కోరుకుంటాం, బామ్‌లో మాత్రం వేలితో తీస్తే ఇసుకలా తగులుతుంది. వదిన ఫోన్ చేసి మొదట అడిగింది అదే, "మొత్తం పూస కట్టింది వదినా, పారబోయాల్నా ఏంది?" అని. పారబోయక్కర్లేదు. ఆ పూసలు చర్మానికి ఏ హానీ చేయవు, రుద్దితే ఒంటి వేడికి కరిగిపోతాయి. కాకపోతే రాసుకోవడానికి హాయిగా ఉండదు, ఎవరికైనా ఇవ్వాలన్నా మొహమాటంగా ఉంటుంది.

బాగు చేసే పద్ధతి ఇది. మొత్తం బామ్‌ని గిన్నెలోకి తీసి, వెడల్పు గిన్నెలో మరిగే నీళ్ల మీద పెట్టి మళ్లీ కరిగించండి. నేరుగా స్టవ్ మీద పెట్టొద్దు. పైకి కరిగినట్టు కనబడగానే దించేయొద్దు, అక్కడే చాలామందికి మళ్లీ పూస వస్తుంది. కంటికి కనబడని చిన్న పలుకులు ఇంకా మిగిలి ఉంటాయి, చల్లారేటప్పుడు కొత్త పూస వాటి చుట్టూనే కడుతుంది. 75 డిగ్రీల దగ్గర ఒక ఇరవై నిమిషాలు ఉంచండి. వంటింటి థర్మామీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఒకటి కొనుక్కుంటే అంచనాలతో పని ఉండదు. తర్వాత దించి, ఐసు ముక్కలు వేసిన నీళ్ల తట్టలో గిన్నె అడుగు మునిగేలా పెట్టి, ఆపకుండా కలపాలి. అంచుల దగ్గర గట్టిపడుతుంటే గీరుతూ కలపండి. పల్చటి గంజిలా మసకబారి చిక్కబడగానే విటమిన్ ఈ, లావెండర్ చుక్కలు వేసి, వెంటనే డబ్బాల్లో పోసి, ఫ్రిజ్‌లో పెట్టి పూర్తిగా బిగుసుకునేదాకా కదపొద్దు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, పైన పగుళ్లు వస్తాయి. ఇంత చెప్పడానికి కాగితంలో నాలుగు వాక్యాలు చాలు. ఆ నాలుగు వాక్యాలు లేకనే కొన్నవాళ్లు "షియా నాసిరకం" అని తిట్టుకుంటున్నారు. నిజానికి షియాలో లోపం ఏమీ లేదు.

కొలత కూడా మన ఎండకు సరిపోదు. పది గ్రాముల మైనంతో చేసిన బామ్ మేలో డబ్బాలో పులుసులా తిరుగుతుంది, సంచిలో పెడితే మూత సందులోంచి కారి బట్టలకు అంటుతుంది. రాత్రి కొంచెం పేరుకుని, పగలు మళ్లీ కరిగి, ఆ కరగడం పేరుకోవడంలోనే మళ్లీ పూస కడుతుంది, పైన చెమట పట్టినట్టు నూనె చుక్కలు తేలుతాయి. అది చూసి పాడైందనుకోవద్దు, మైనం చాలలేదని అర్థం. తేనెమైనం 62, 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఎండను తట్టుకునే బలం దానిదే. ఎండాకాలానికి నాకు నిలిచిన కొలత వంద గ్రాములకు చెబుతాను: తేనెమైనం 20, కోకో బటర్ 20, షియా 25, నూనె 34, విటమిన్ ఈ అర గ్రాము, లావెండర్ నూనె అర గ్రాము. మే నెలలో మెత్తబడుతుంది కానీ కారదు. చలికాలానికి అదే పెడితే రాయిలా ఉండి గోరుతో గీరాల్సి వస్తుంది, అప్పుడు మైనం 12, కోకో 10, షియా 32, నూనె 45, మిగతా రెండూ అలాగే. ఏదైనా సరే చెంచాలతో కాకుండా గ్రాముల తూకంతో చేయండి. మైనం పలుకులు ఒక చెంచా అంటే ఒక్కోసారి ఒక్కో బరువు వస్తుంది. పోసేముందు ఫ్రిజ్‌లో పెట్టిన స్టీలు చెంచా మీద ఒక చుక్క వేసి గట్టిపడ్డాక వేలితో నొక్కి చూస్తే ఎలా రాబోతోందో తెలిసిపోతుంది, మెత్తగా ఉంటే కొంచెం మైనం, గట్టిగా ఉంటే కొంచెం నూనె కలుపుకోవచ్చు.

కోకో బటర్ వాసన నచ్చనివాళ్లు దాని బదులు కోకం బటర్ వాడండి. కొంకణ్ వైపు పండే కోకం గింజల నుంచి తీస్తారు. ఇంకా కాస్త ఎక్కువ వేడికి, 38 నుంచి 42 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జిడ్డు కూడా తక్కువ. మన వాతావరణానికి కిట్‌లో అదే పెట్టి ఉండాల్సింది అని నా అభిప్రాయం. మామిడి జీడి (టెంక లోపలి పప్పు) నుంచి తీసే వెన్న కూడా బాగుంటుంది, కొల్లాపూర్ మామిడి తిని పారేసే టెంకలు చూస్తే నాకు ప్రతిసారీ అదే గుర్తొస్తుంది, కానీ జీడిలో నూనె శాతం తక్కువ, ఇంట్లో తీయడం అయ్యే పని కాదు. కొబ్బరి నూనె వేస్తే గట్టిపడుతుందని కొందరంటారు. అది 24, 25 డిగ్రీలకే కరిగిపోతుంది, డిసెంబర్ పొద్దున తప్ప మన దగ్గర పేరుకున్న కొబ్బరి నూనె ఎప్పుడు చూశాం?

కాగితంలో నాకు నిజంగా కోపం తెప్పించిన మాట ఇంకొకటి ఉంది. "కావాలంటే ఒక చెంచా రోజ్ వాటర్ లేదా కలబంద గుజ్జు కలపండి" అని రాశారు. దయచేసి కలపకండి. నూనె, మైనం మాత్రమే ఉన్నదాంట్లో నీళ్లు కలవవు, అడుగున చుక్కలుగా విడిపోతాయి. అంతకంటే పెద్ద సంగతి, నీళ్లు ఉన్నచోట బూజు, సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని ఆపే మందు ఏదీ ఈ కిట్‌లో లేదు. విటమిన్ ఈ ఉంది కదా అంటారు. అది నూనె పాతబడి వాసన రాకుండా కొంతకాలం కాపాడుతుంది, అంతే, బూజును ఆపదు. నీటి తడి లేని బామ్‌కి నిల్వ మందు అవసరం లేకపోవడమే ఇంట్లో చేసుకోవడంలో ఉన్న సుఖం, ఆ సుఖాన్ని వాళ్లే చెడగొట్టుకోమంటున్నారు. పగిలిన మడిమల మీద, చంటిపిల్లల ఒంటి మీద రాసే వస్తువు ఇది, బూజు పట్టింది రాస్తే పుండు మీద పుండు. మీ బామ్‌లో నల్ల, పచ్చ చుక్కలు కనబడితే పైపైన తీసి వాడటం, మళ్లీ కరిగించడం లాంటివి చేయకండి, అది ఒక్కటే నిజంగా పారేయాల్సిన బామ్. గిన్నెలు, డబ్బాలు, గరిటె ఎండలో పూర్తిగా ఆరాకే వాడండి, స్నానాల గదిలో తడి వేళ్లు పెట్టకుండా చిన్న చెంచాతో తీసుకోండి. ఐసు నీళ్ల తట్టలో కలిపేటప్పుడు కూడా ఒక్క చుక్క చిందకుండా చూసుకోవాలి.

అదే కాగితంలో "సహజ సన్‌స్క్రీన్‌గా పనిచేస్తుంది" అని కూడా ఉంది. పని చేయదు. షియా, కోకో వెన్నలు ఎండ నుంచి చర్మాన్ని కాపాడేంత రక్షణ ఇవ్వవు. పత్తి చేనుకు పోయే ఆడవాళ్లు ఆ మాట నమ్మి రాసుకుని ఎండలో నిలబడితే ఎవరు జవాబు చెబుతారు? పైగా వాసన చాలకపోతే నిమ్మ నూనె "ఇంకొన్ని చుక్కలు" వేసుకోమన్నారు. తొక్క పిండి తీసిన నిమ్మ నూనె ఎక్కువగా పడితే, అది రాసుకుని ఎండలోకి వెళ్లినప్పుడు చర్మం కమిలి నల్లమచ్చలు పడొచ్చు. నేను ఆ సీసా బామ్‌లో వాడటమే మానేశాను.

కిట్‌లో బాదం నూనె త్వరగా అయిపోయింది. తర్వాత నుంచి ఇక్కడి కట్టె గానుగలో నువ్వుల నూనె తెచ్చుకుంటున్నాను, నాకు అదే ఎక్కువ నచ్చింది. కిట్‌లోని బాదం నూనె సీసా మీద ప్యాకింగ్ తేదీ ఉంది కానీ ఎప్పటిదాకా వాడొచ్చో లేదు. గానుగ నూనె కళ్ల ముందే తీస్తారు. నువ్వుల నూనెలో పాతబడకుండా కాపాడే గుణం సహజంగానే ఉంది, కుసుమ, పొద్దుతిరుగుడు నూనెల కంటే నిలుస్తుంది. వాసన మాత్రం ఘాటు, అది పడనివాళ్లు సగం బాదం, సగం నువ్వులు వేసుకోవచ్చు. తాజా నూనెలో మడ్డి ఉంటుంది, దాంతోపాటు కొంత తడి కూడా ఉంటుంది, అందుకే తెచ్చినరోజే వాడకూడదు. గానుగ దగ్గర అన్న కూడా అదే చెప్పాడు, "నాలుగొద్దులు కదలకుండ పెట్టు అక్కా, మడ్డంత అడుక్కు దిగుతది, పైన తేట ఒంపుకో" అని. అలా ఒంపి, పల్చటి గుడ్డలో వడకట్టి వాడితే బామ్ అడుగున మురికి గీత రాదు.

ఆముదం వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. మన నల్గొండ, పాలమూరు చెలకల్లో పండే పంట, పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు దాని మీద ఏళ్లుగా పని చేస్తున్నారు, చిన్నప్పుడు మనందరి మాడుకూ పెట్టిందే. వేయండి, కానీ వందకి పది గ్రాములు దాటొద్దు, ఆ పది కూడా పైన చెప్పిన నూనె లెక్కలోంచే తీయాలి. ఎక్కువైతే చర్మం మీద బంకలా సాగి, దుప్పటికి, దుమ్ముకు అన్నిటికీ అంటుకుంటుంది. మడిమలకు మాత్రమే చేసుకునే బామ్‌లో అయితే ఆ జిగురే మంచిది, కదలకుండా పట్టుకుని ఉంటుంది. ఒంటికి రాసేదాంట్లో జిడ్డు ఎక్కువగా అనిపిస్తే, చిక్కబడే దశలో జల్లించిన కార్న్‌ఫ్లోర్ (మొక్కజొన్న నుంచి తీసే తెల్లటి మెత్తటి పిండి) మూడు నాలుగు గ్రాములు, తడి లేనిది, కలిపి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

నల్లమల వైపు, అమ్రాబాద్, మన్ననూరు దగ్గర చుట్టాలున్నవాళ్లు ఉంటే ఇప్ప నూనె అడగండి. ఇప్ప, ఆఫ్రికా షియా రెండూ ఒకే కుటుంబానికి చెందిన చెట్లు, ఇప్ప గింజల నూనె కూడా చలికాలంలో పేరుకుంటుంది. షియాలో కొంత భాగం బదులు వాడొచ్చు, కానీ దానికంటే మెత్తన కాబట్టి మైనం కొద్దిగా పెంచాలి. ఘనా నుంచో నైజీరియా నుంచో వచ్చే వెన్నకు అంత డబ్బు పెడుతున్నప్పుడు మన అడవిలో దొరికేదాన్ని కూడా ఒకసారి చూడాలని నాకు గట్టిగా ఉంది.

ఇంకొన్ని చిన్న ఇబ్బందులు. కరిగిన మైనంలో చల్లటి నూనె ఒక్కసారిగా పోస్తే మైనం తునకలు తునకలుగా గట్టిపడుతుంది, భయపడక్కర్లేదు, మళ్లీ వేడి తగలనిస్తే కలిసిపోతుంది. ముందు మైనం, తర్వాత కోకో, తర్వాత నూనె, చివరికి షియా, ఇదీ వరుస. డబ్బా మధ్యలో గుంట పడితే మైనం చల్లారుతూ కుంచించుకుపోయిందని అర్థం, కొంచెం బామ్ మిగుల్చుకుని చివర్లో ఆ గుంటలో పోస్తే సరిపోతుంది. తేనెమైనం అయిపోయిందని కొవ్వొత్తులు కరిగించి పోయడం మాత్రం వద్దు.

"బామ్ రాస్తున్నా ఒళ్లు పొడిబారుతూనే ఉంది, కిట్ వేస్ట్" అని కూడా కొందరు రాశారు. అది మాత్రం బామ్ తప్పు కాదు. దీంట్లో నీళ్లు లేవు కాబట్టి ఇది తేమను ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. మన బోరు నీళ్లకు సబ్బు నురగ కూడా సరిగ్గా రాదు, స్నానం చేశాక ఒళ్లు బిర్రుగా లాగుతుంది, గోటితో గీస్తే తెల్ల గీతలు పడతాయి. పూర్తిగా ఆరిపోయాక రాస్తే పైన జిడ్డు మిగులుతుంది తప్ప ఫలితం ఉండదు. తువ్వాలుతో అద్దుకుని, ఒంటి మీద తడి ఇంకా ఉండగానే, బఠాణీ గింజంత తీసుకుని అరచేతుల్లో కరిగించి రాయండి. మా అత్తమ్మ మడిమలకు రాత్రి కాళ్లు గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, అద్ది, రాసి, సాక్సులు వేయిస్తున్నాను. పగుళ్లు చాలావరకు పూడాయి, నడిచేటప్పుడు నొప్పి అనడం లేదు. రక్తం వచ్చేంత లోతు పగుళ్లున్నవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి. ఎవరికైనా కొత్తగా రాసేముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడాలి. బాదం, నువ్వులు పడనివాళ్లు ఉంటారు, ఇతరులకు ఇచ్చేటప్పుడు డబ్బా మీద ఏమేం వేశారో, ఏ తేదీన చేశారో రాసి ఇవ్వండి.

కంపెనీకి ఈ విషయాలన్నీ వివరంగా రాశాను, రోజ్ వాటర్ మాట తీసేయమని ప్రత్యేకంగా అడిగాను. "మళ్లీ కరిగించి పోయండి, ధన్యవాదాలు" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది, తెరిచిన కిట్‌కి రీఫండ్ లేదన్నారు. ఆ తర్వాత వదిన తెప్పించిన డబ్బాలోనూ అదే కాగితం ఉంది. సరుకుకి ఐదుకి నాలుగు, ప్యాకింగ్‌కి రెండు, సూచనలకు ఒకటి ఇస్తాను. బామ్ చేయడం ఎప్పుడూ తెలియనివాళ్లకు, ఒకసారి చేసి చూద్దామనుకునేవాళ్లకు ఒక్క కిట్ సరిపోతుంది, డబ్బాలు మళ్లీ వాడుకోవచ్చు. రెండోసారి నుంచి షియా, కోకం, మైనం విడివిడిగా కిలో లెక్కన కొనుక్కోండి, చవకగా పడుతుంది, నూనె ఇక్కడి గానుగలోనే తీసుకోండి. వెన్నలు మాత్రం నవంబర్ నుంచి జనవరి లోపు తెప్పించుకుని ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టుకోండి, అప్పుడైతే కొరియర్‌లో కరగకుండా వస్తాయి.